సురవరం ప్రతాపరెడ్డి గారిని తలుచుకోవాలంటే మీ ఊళ్ళో ఏం చేయొచ్చు

ప్రతి ఏడాది మే 28న ఆయన జయంతి వస్తుంది, ఫోటోకి దండ వేస్తాం, నలుగురు పెద్దలు మైకులో మాట్లాడతారు, టీ బిస్కెట్లు అయ్యాక షామియానా వాళ్ళు వచ్చి కుర్చీలు ఎత్తుకుపోతారు. అది తప్పని అనను, మా పాలమూరులో మేమూ చాలా ఏళ్ళు అదే చేశాం, ఇప్పటికీ దండ వేస్తాం. కానీ ఒకసారి సభ అయిపోయాక డిగ్రీ చదివే ఒక అమ్మాయి దగ్గరికొచ్చి "సార్, ఆయన చేసిన పని ఇప్పుడెవరు చేస్తున్నారు" అని అడిగింది. వేదిక మీద కూర్చున్నోళ్ళలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. ఆ తర్వాతే మా నలుగురైదుగురం కలిసి ఆయన పనిలో ఒక చిన్న ముక్క తీసుకుని మా ఊళ్ళో మొదలుపెట్టాం, నాలుగేళ్ళయింది. చేస్తూ నేర్చుకున్నవి, పాడుచేసుకున్నవి అన్నీ ఇక్కడ రాస్తున్నా, మీ ఊళ్ళో మీరూ చేసుకోవచ్చు, దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు.

ముందు ఆయనేం చేశాడో తెలిస్తేనే మనమేం చేయాలో తెలుస్తుంది. 1896 మే 28న పుట్టాడు, సొంతూరు అలంపూర్ వైపు ఇటిక్యాలపాడు. మద్రాసులో లా చదివాడు, కొన్నాళ్ళు ప్రాక్టీసు కూడా చేశాడు, దాన్నే పట్టుకుని ఉంటే హాయిగా బతికేవాడు. కానీ 1926 మే 10న హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో ఆఫీసు, కోర్టు, యూనివర్సిటీ అంతా ఉర్దూ. తెలుగులో మాట్లాడితే ఎగతాళి చేసే పరిస్థితి, 1921లో వివేకవర్ధని హాల్లో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి మాట్లాడనివ్వలేదు, ఆ అవమానం నుంచే తెలుగువాళ్ళ సంఘంగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద ముందు పర్మిషన్ తెచ్చుకోవాలి. అలాంటి చోట 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగితే దానికి అధ్యక్షుడు ఆయనే. లైబ్రరీల కోసం తిరిగాడు, రెడ్డి హాస్టల్ పని చూశాడు, 1952లో మొదటిసారి ఓట్లు వచ్చినప్పుడు వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచాడు, ఆ మరుసటేడే 1953 ఆగస్టు 25న పోయాడు. అప్పటికి ఆయన వయసు 57.

ఇంత తిరుగుతూ, ఇంత పని చేస్తూ ఆయన చరిత్ర రాశాడు చూడండి, అది మామూలు చరిత్ర కాదు. ఏ రాజు ఎవర్ని ఓడించాడు అన్నది పక్కన పెట్టి, మనోళ్ళు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ జబ్బుకి ఏం మందు వాడారు, ఎవరికి అప్పుపడ్డారు అన్నదాన్ని చరిత్ర అన్నాడు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర అంటే అదే. దానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో మొట్టమొదటి అవార్డు అదే, తీసుకోవడానికి ఆయన లేడు. ఈ మధ్య 2025లో హైదరాబాద్‌లో తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం గవర్నమెంటు పని, అది అయింది. మన పని వేరే ఉంది.

మొదటగా ఆ పుస్తకం చదవండి. మొత్తం చదవమని అనట్లేదు, లావుగా ఉంటుంది, భాష పాతది, మొదటి 20 పేజీల దగ్గరే చాలామంది ఆపేస్తారు. కాకతీయుల కాలం అధ్యాయంతో మొదలుపెట్టండి, అక్కడ ఆయన క్రీడాభిరామం అనే కావ్యం తీసుకుని ఓరుగల్లు వీధుల్లో మనల్ని తిప్పుతాడు, పూటకూళ్ళ ఇంట్లో ఒక రూక ఇస్తే ఏమేం వడ్డించేవారో, జనం ఏ ఆటలు చూసేవారో అన్నీ అందులోంచే తీస్తాడు. తర్వాత శుకసప్తతి, హంసవింశతి లాంటి కథల పుస్తకాల్ని, పండితులు అంతగా పట్టించుకోని వాటిని, ముందుకి తెచ్చి ఇవి కదా జనం బతుకు చెప్పేవి అంటాడు. చదువుతున్నంతసేపూ ఒక కాగితం పక్కన పెట్టుకుని ఆయన ఏయే సంగతులు పట్టించుకున్నాడో రాసుకోండి: తిండి, బట్ట, నగ, ఆట, పండగ, జబ్బు, వడ్డీ, కొలత, దొంగతనం, పెళ్ళి. రేపు మీరు ఊళ్ళో పెద్దోళ్ళని అడిగే ప్రశ్నలు ఆ కాగితం మీదే ఉంటాయి.

పుస్తకం కొనాలంటే దొరుకుతుంది, కొనలేకపోతే నెట్‌లో ఉచితంగా చదవొచ్చు, తెలుగు వికీసోర్స్‌లో ఉంది. దీని గురించి చాలామందికి ఒక భయం, కాపీరైట్ ఏమో అని. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకే కాపీరైట్, ఆయన పోయింది 1953లో, కాబట్టి 2014 జనవరి 1 నుంచి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు అందరివీ. మీరు జిరాక్స్ తీసి పిల్లలకి పంచొచ్చు, చదివి రికార్డ్ చేసి పెట్టొచ్చు, గోడపత్రిక మీద రాయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఈమధ్య వేరేవాళ్ళు కొత్తగా రాసిన ముందుమాటలు, నోట్సులు మాత్రం వాటి రచయితలవి, అవి వదిలేయండి.

ఇప్పుడు అసలు పని. నాకు ఆయన చేసినవాటన్నిట్లో ఎక్కువ నచ్చేది గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులు పూజ్యం అని, అంటే సున్నా అని, ఒకాయన రాశాడు. వేరేవాళ్ళైతే కోపంతో నాలుగు వ్యాసాలు రాసి ఊరుకునేవాళ్ళు. ఈయన ఊరూరికీ కబురు పెట్టాడు, మీ ఊళ్ళో కవులెవరున్నారు, వివరాలు, పద్యాలు పంపండి అని. 1934లో 354 మంది కవులతో సంచిక అచ్చేశాడు. అంతే, ఇంకెవరూ ఆ మాట అనలేదు. ఇందులో మనం పట్టుకోవాల్సింది ఏంటంటే, అవమానానికి ఆయన లెక్కతో, పేర్లతో, ఊళ్ళతో జవాబిచ్చాడు. అందులో మహాకవులే ఉన్నారని కాదు, మామూలుగా రాసేవాళ్ళూ ఉన్నారు, అయినా పేరు పడింది. ఆ పేర్లలో చాలావాటికి ఈరోజు ఇంకెక్కడా జాడ లేదు.

మీరూ మీ ఊరికి అలాంటి సంచిక ఒకటి చేయండి. మేం చేసింది అదే. మండలం మొత్తం అనుకోవద్దు, జిల్లా అసలే వద్దు, మేం మొదటి ఏడాది మూడు ఊళ్ళు పెట్టుకుని ఒక్కటీ పూర్తిచేయలేక చాలా నిరాశపడ్డాం. ఒక్క ఊరు చాలు. మీ సొంతూరైతే ఇంకా మంచిది, గడప తొక్కితే "నువ్వు ఫలానా వాళ్ళ మనవడివి కదా" అంటారు, సగం పని అక్కడే అయిపోతుంది.

కవులు అంటే పుస్తకం వేసుకున్నవాళ్ళని మాత్రమే అనుకోకండి. భజన మండలిలో తత్వాలు కట్టేటాయన, బతుకమ్మకి ప్రతి ఏడాది కొత్త పాట అల్లే ఆమె, చిందు భాగోతం ఆడినోళ్ళు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, బుర్రకథ దళంలో వంత పాడినాయన, పీర్ల పండక్కి పాటలు పాడేవాళ్ళు, నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకునే ఆడవాళ్ళు, పాత స్కూలు సారు రాసిన ఏకాంకికలు, అందరూ లెక్కే. ఒక్కొక్కరికి ఒక పేజీ. పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఏ వాడ, ఏం పని చేసేవాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, కింద ఒక పాటో పద్యమో పూర్తిగా. పూర్తిగా అని ఎందుకంటున్నానంటే మొదట్లో మేం రెండు చరణాలు రాసుకుని మిగతాది తర్వాత చూద్దాంలే అనుకున్నాం, ఆ తర్వాత అనేది రాలేదు, ఆ పాట పాడిన తాత ఆ చలికాలంలోనే పోయాడు.

ఆడవాళ్ళ పాటలకి కట్టింది ఎవరో తెలియదు, "మా అత్త పాడేది" అంటారు. ఆ అత్త పేరు అడగండి. ఆమెకి ఎవరు నేర్పారో కూడా అడగండి. మా దగ్గర ఒక విసుర్రాయి పాటకి ఇలా నలుగురు ఆడవాళ్ళ పేర్లు వరుసగా దొరికాయి, ఆత్మకూరు వైపు నుంచి కోడలై వచ్చినామె దగ్గర మొదలై మా ఊరిదాకా. ఆ నాలుగు పేర్లలో మూడు ఇంతకుముందు ఏ కాగితం మీదా లేవు, ఓటర్ లిస్టు కూడా లేని కాలం వాళ్ళవి.

అడగడం ఎలా అన్నదే అసలు విద్య. "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పినా గుడి కథ చెప్తారు లేదంటే సర్పంచుల లిస్టు చెప్తారు. సురవరం గారి కాగితం తీయండి, పొద్దున్నే ఏం తినేవారు అని మొదలుపెట్టండి. ఒకామె దగ్గర నేను కూర్చున్నా, వయసు ఎనభై పైనే, మొదట "ఏం రాసుకుంటవ్ బిడ్డా, మా బతుకుల ఏముందని" అంది. జొన్న గటక గురించి అడిగా. చెప్తూ చెప్తూ లేచి లోపలికి పోయి అటక మీది నుంచి గింజలు కొలిచే కంచు తవ్వ ఒకటి తీసుకొచ్చింది, అంచు ఒకపక్క నొక్కుకుపోయి ఉంది, లోపల బూడిద. దాన్ని చీర కొంగుతో తుడిచి, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని చేత్తో చూపిస్తూ, కలుపు తీసినందుకు ఎంత కొలిచేవారు, కోతకి ఎంత, ఆ కొలిచేటోడు వేలు లోపలికి పెట్టి కొలిచేవాడని, అందుకే ఒకరోజు వాళ్ళమ్మ సొంత తవ్వ పట్టుకుని కల్లంలోకి పోయి దీంతో కొలువు అని నిలబడిందని చెప్పింది. ఆ నొక్కు ఆరోజు పడ్డదే. ఇది రాయకపోతే ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి.

పుట్టిన సంవత్సరాలు ఎవరికీ తెలియవు, ఆధార్‌లో ఉన్నవి చాలావరకు జనవరి 1లే. అందుకని సంఘటనలు పట్టుకుని అడగాలి. రజాకార్ల గొడవ అప్పుడు నువ్వు నడిచేదానివా, చంకలో ఉన్నావా? పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబర్. మొదటి ఓట్లప్పుడు, అంటే 1952లో, పెళ్ళయిందా? కృష్ణ ఒడ్డు ఊళ్ళైతే శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు పిల్లలు ఎంతమంది? ఇలా నాలుగు ప్రశ్నలడిగితే రెండు మూడేళ్ళ తేడాతో వయసు తేలిపోతుంది. పాత కాగితాలు చూపిస్తే వాటిమీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు లెక్కల్లో వాడిన సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలుపుకోండి, 1350 ఫసలీ అంటే 1940-41 అన్నమాట. కాగితం ఉర్దూలో ఉంటే భయపడకండి, ఊళ్ళోనే ముస్లిం పెద్దాయన ఎవరో ఒకరు చదివి పెడతారు, మాకు అలా చదివిపెట్టినాయన పేరు సంచికలో మొదటి పేజీలోనే వేశాం.

శ్రీశైలం ముంపు సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి ఎందుకంటే ఇది సురవరం గారి సొంత గడ్డకి దగ్గరది. ప్రాజెక్టు కింద అలంపూర్, కొల్లాపూర్ వైపు ఎన్నో ఊళ్ళు మునిగాయి, గుళ్ళని రాయి రాయి ఊడదీసి వేరేచోట కట్టారు, కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపూర్‌లో ఉంది. గుళ్ళకి ఫోటోలున్నాయి, ప్లాన్లున్నాయి. కానీ ఆ ఊళ్ళలో ఏ వాడ ఎక్కడుండేది, బాయి ఎక్కడ, కుమ్మరి ఆవం ఎక్కడ, చింతచెట్టు కింద ఎవరు కూర్చునేవారు అన్నదానికి మనుషుల తలకాయలే రికార్డు, వాళ్ళకిప్పుడు 60, 70 దాటాయి. మీది అలాంటి ఊరైతే ఈ వేసవిలోనే మొదలుపెట్టండి. ఒక తెల్ల చార్టు నేలమీద పరిచి ముగ్గురు నలుగురు పెద్దోళ్ళని కూర్చోబెట్టి ఊరి నక్షా గీయమనండి, ఒకరు ఇక్కడ అంటే ఇంకొకరు కాదు అక్కడ అంటారు, ఆ వాదనే బంగారం, ఫోన్ ఆన్‌లో ఉంచండి. అలాగే వలస పోయినోళ్ళని వదలకండి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎన్ని డ్యాముల కింద మనోళ్ళ చెమట ఉందో, ఏ మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయాడో, గుడిసెల్లో కాన్పులు ఎలా అయ్యాయో చెప్పగలిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇక్కడ ఒక మాట. సురవరం గారు ఎక్కువగా కావ్యాల్లోంచి జనం బతుకుని తీశాడు, అప్పటికి అదే గొప్ప పని. కానీ కావ్యం రాసింది అక్షరం వచ్చినోళ్ళు, అక్షరం అందనివాళ్ళు అందులో వేరేవాళ్ళ కళ్ళతోనే కనిపిస్తారు. ఆయన అన్న ప్రతిదీ ఒప్పుకోవాలని లేదు, ఆయన వదిలిన ఖాళీ నింపడమే ఆయన మీద గౌరవం అని నేను నమ్ముతా. అందుకే మీ లిస్టులో మాదిగవాడ, మాలవాడ, తండా, ఆడవాళ్ళు ముందు రావాలి. మేం మొదట పెద్దిళ్ళతో మొదలుపెట్టాం, అది పొరపాటు, వాళ్ళ అరుగుల మీద కూర్చుని రాసుకుంటుంటే చూసినవాళ్ళు తర్వాత మాకు మనసు విప్పి చెప్పలేదు, ఆ నమ్మకం తెచ్చుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

వెట్టి గురించి, దొరల గురించి, రజాకార్ల గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త. ఆ కుటుంబాల వాళ్ళు అదే ఊళ్ళో ఉంటారు. ఒక తాత ఒక పేరు చెప్పి, తెల్లారి ఇంటికొచ్చి "ఆ పేరు తీసెయ్ బిడ్డా, నా మనవడు ఆళ్ళ ట్రాక్టర్ నడుపుతుండు" అన్నాడు. వెంటనే తీసేశాం, ఆయన ముందే ఫోన్లోంచి ఆ ముక్క కట్ చేశాం. మీరూ అలాగే చేయండి, చెప్పినోళ్ళ బతుకు ముందు, మన పుస్తకం తర్వాత. రికార్డ్ చేసే ముందు అడగాలి, అచ్చేసే ముందు మళ్ళీ చదివి వినిపించాలి.

రికార్డింగు మామూలు ఫోన్‌తో చాలు. ఫ్యాన్ ఆపించండి, కోళ్ళు, పిల్లలు ఎలాగూ ఉంటారు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి లేకపోతే మధ్యలో కాల్ వచ్చి ఆగిపోతుంది. మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది మీ గొంతుతో చెప్పండి. అదే రాత్రి రెండు చోట్లకి కాపీ చేయండి. ఇది నేను మనసు కాలి చెప్తున్నా, ఒకసారి ఫోన్ పాడైతే రిపేర్ షాపులో ఇచ్చా, నన్ను అడగకుండా మొత్తం చెరిపేసి ఇచ్చారు, 11 మంది మాటలు పోయాయి, అందులో ఇద్దరు ఇప్పుడు లేరు. కాపీ పెట్టుకోకపోవడం నాదే తప్పు.

విన్నది రాసేటప్పుడు భాష దిద్దకండి. "ఒస్తాండె" అంటే ఒస్తాండె అనే రాయాలి. గంట రికార్డింగు రాయడానికి నాకైతే నాలుగైదు గంటలు పడుతుంది, వాయిస్ టైపింగ్ మన యాసని సరిగా పట్టదు, పత్రికల భాషలోకి మార్చేస్తుంది, దాన్ని మళ్ళీ దిద్దేకంటే చేత్తో టైప్ చేయడమే నయం. అర్థం కాని మాట ఉంటే పక్కన గీత పెట్టి మళ్ళీ అడగండి, ఊహించి రాయొద్దు.

ఊళ్ళో రాళ్ళు కూడా చూడండి. వీరగల్లులు (పోరులో చనిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళు), సతి రాళ్ళు, శాసనాలు చాలా ఊళ్ళలో చెరువుకట్ట మీదో, బొడ్రాయి దగ్గరో, పశువుల కొట్టం గోడలోనో ఉంటాయి. అక్షరాలు కనపడట్లేదని సుద్దముక్కతో రుద్దొద్దు, రంగు వేయొద్దు, యాసిడ్ పోయడం మహాపాపం. రాత్రిపూట పొండి, టార్చి రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, రాయిని ఆనించినట్టు పట్టుకోండి, పగలు నున్నగా కనిపించిన రాయి మీద అక్షరాల గుంటల్లో నీడ పడి వరుసలు లేచి వస్తాయి. మొదటిసారి అలా చూసినప్పుడు మా వెంట వచ్చిన పదో తరగతి పిల్లాడు "సార్, ఎవరో ఇప్పుడే రాసినట్టుంది" అన్నాడు. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులనుంచి ఫోటోలు తీయండి, చదవడం మనకి రాకపోయినా ఫోటో బాగుంటే చదివేవాళ్ళు చదువుతారు. ఒంటరిగా పొలాల్లో ఉన్న రాయి లొకేషన్ మాత్రం పబ్లిక్‌గా పెట్టొద్దు, గుప్తనిధుల వాళ్ళు తవ్వేస్తున్నారు. అలాంటివి హెరిటేజ్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి రాతపూర్వకంగా తెలియజేయండి. భూముల పాత లెక్కలు కావాలంటే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, కానీ అది రెండో ఏడాది పని, మొదటి ఏడాది మనుషుల దగ్గరే కూర్చోండి, కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు.

టైం ఎలా సర్దుకోవాలంటే, మే 28 పిల్లలకి సెలవులు కాబట్టి ఆరోజు మొదలుపెట్టి పిల్లలతో తాతమ్మల దగ్గర రికార్డింగు చేయించొచ్చు, జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఒక దశ అయిపోతుంది. సభ పెట్టాలంటే మాత్రం ఆరోజు కష్టం, ఎన్టీఆర్ పుట్టినరోజు కూడా అదే, కొన్ని చోట్ల హాలు, మైకు దొరకవు, పేపర్లో మన వార్తకి చోటుండదు. మేం సభని ఆయన వర్ధంతి ఆగస్టు 25కి మార్చుకున్నాం. దానికి నాలుగు రోజుల తర్వాత 29న గిడుగు వారి పేరు మీద తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఈ రెండు వారాలు బడి తెరిచే ఉంటుంది, సార్లు కూడా ఏదో ఒకటి చేయాలని చూస్తుంటారు, ఆ టైంలో మీరు పోయి "ప్రతి పిల్ల ఇంట్లో పెద్దోళ్ళనడిగి ఒక పాట, ఒక సామెత, ఒక కొలత రాసుకురావాలి" అని అడిగితే కాదనరు. మా బడిలో ఒక్క వారంలో రెండు నోట్‌బుక్‌లు నిండాయి.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు ఊరికి రాలేమని బాధపడక్కర్లేదు. ఎలాగూ ఆదివారం నానమ్మకి వీడియో కాల్ చేస్తారు కదా, తిన్నావా, మందులేసుకున్నావా తర్వాత ఒక్క ప్రశ్న అడిగి రికార్డ్ పెట్టండి, వారానికి ఒక్కటి, ఏడాదికి 52 అవుతాయి. టైపింగు, ప్రూఫు పని కూడా అక్కడి నుంచే చేయొచ్చు, మా సంచికలో సగం టైపింగు బెంగళూరులో ఉండే మా ఊరి అమ్మాయే చేసింది.

అచ్చు విషయం. డీటీపీ షాపుల్లో ఇంకా చాలాచోట్ల అను ఫాంట్లలోనే చేస్తారు, పేజీలు అందంగా వస్తాయి కానీ ఆ ఫైలు నెట్‌లో పెట్టడానికి పనికిరాదు, వెతికితే దొరకదు, మార్చబోతే వత్తులన్నీ చెడిపోతాయి. అందుకని మీరు ముందే యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో టైప్ చేసి దిద్దుకుని ఆ ఫైలు మీ దగ్గర పెట్టుకున్నాకే షాపుకి ఇవ్వండి. పుస్తకం చిన్నదైనా ఫరవాలేదు, మాది 64 పేజీలు, 300 కాపీలు, ఊళ్ళో చందాలతో అయిపోయింది, ఎమ్మెల్యే ఫోటో వేస్తే ఖర్చంతా పెట్టుకుంటాం అన్నారు కొందరు, వద్దన్నాం. నెట్‌లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పీడీఎఫ్ పెట్టొచ్చు, పాటల ఆడియోలు పాడినవాళ్ళు ఒప్పుకుంటే వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ ఉందో లేదో చూసి అందులో ఈ పుస్తకం ఆధారంగా నాలుగు లైన్లు చేర్చమని అడగండి.

కాపీలు లైబ్రరీలకి తప్పకుండా పంపండి. ఆయన గ్రంథాలయోద్యమంలో మనిషి, దాని మీద పుస్తకమే రాశాడు. సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి ఒకటి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి ఒకటి, వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకటి, మీ మండల శాఖా గ్రంథాలయానికి రెండు. మీ ఊరి లైబ్రరీ మూతపడి ఉంటే అడగండి, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద మన దగ్గర తీసుకుంటున్నారు, ఆ రశీదు చేతిలో పెట్టుకుని అడగండి. మొదటి కాపీలు మాత్రం పాడినవాళ్ళకి, చెప్పినవాళ్ళకి, వాళ్ళు లేకపోతే వాళ్ళ ఇంటికి, సభలో పిలిచి ఇవ్వకుండా ఇంటికెళ్ళి ఇవ్వండి, నడవలేనివాళ్ళు చాలామంది ఉంటారు.

పుస్తకం చివర నాలుగు ఖాళీ పేజీలు వదలడం మర్చిపోవద్దు. అచ్చయ్యాక వారంలోపే వస్తారు, మా తాత పేరు ఎందుకు లేదు, మా మేనత్త ఇంతకంటే మంచి పాట పాడేది, ఆ చరణం తప్పు, ఆ బాయి మా వాడలో కాదు అని. కొంచెం కోపంగానే వస్తారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ ఖాళీ పేజీల్లో వాళ్ళ ముందే పెన్సిల్‌తో రాసుకోండి. మా కాపీలో ఇప్పటికి 23 పేర్లు అలా చేరాయి, అందులో ఒకాయన మోటబాయి పాటలు కట్టేవాడట, ఇంకా బతికే ఉన్నాడు, ఉండేది పక్క తండాలో, ఈ ఆదివారం పోతున్నాం.